ఆమెన్ అనే ముందు

వరసగా నాలుగో నెల కూడా ఆయన లేచి వెళ్ళిపోయాడు.

నెలలో మొదటి ఆదివారం, ప్రభు భోజనం ఇచ్చే రోజు. ప్రసంగం అయిపోయింది. బల్ల మీద కప్పిన తెల్లగుడ్డను పాస్టరు రెండు చేతులతో ఎత్తి, మడిచి, పక్కన పెట్టాడు. కింద రొట్టె, దాని పక్కన ద్రాక్షరసం పోసిన బొటనవేలంత గాజు గ్లాసులు వరసలుగా పేర్చిన పళ్ళేలు. సరిగ్గా అప్పుడు కుడివైపు మూడో బెంచీలోంచి ఒక సంఘపెద్ద లేచాడు. ఎవరి మొహంలోకీ చూడలేదు. చేతులు రెండూ ప్యాంటు జేబుల్లోకి తోసి, గోడవారగా నడిచి, పక్క తలుపులోంచి బయటపడ్డాడు. ఆయన భార్య పాటల పుస్తకంలోకి తల దించేసింది. అప్పుడు పాడే పాటేమీ లేదు.

చూడనట్టు నటించినవాళ్ళతో సహా నూటఎనభై మంది చూశారు.

ఆయన వర్క్‌షాపులో లేత్ మిషను మీద పనిచేస్తాడు. తిరిగే ఇనుప కడ్డీని పదునైన టూలుతో చెక్కి, చెప్పిన కొలతకి తేవడం ఆయన పని. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా అదే. వెంట్రుకలో పదోవంతు తేడా ఉన్నా వేలితో తడిమి చెప్పేస్తాడని అందరూ మైక్రాన్ అంటారు. పెద్దలకి మైక్రాన్ మేస్త్రి, పిల్లలకి మైక్రాన్ మావయ్య. అలాంటి మనిషి ప్రభువు బల్ల దగ్గరికి రాకుండా పారిపోతున్నాడంటే జనం ఊరుకుంటారా? చెవులు కొరుక్కున్నారు. ఎవరితోనో పగ పెట్టుకున్నాడని ఒకరన్నారు. గుట్టుగా తాగుతున్నాడని ఇంకొకరన్నారు. మూడోవాళ్ళు ఏమీ అనకుండా కనుబొమలు మాత్రం ఎగరేశారు. అన్నిటికంటే వేగంగా పాకింది అదే.

ఆరాధన అయ్యాక సంఘపెద్దలు వెనక గదిలో కూర్చున్నారు. సంఘం సెక్రటరీ ఒకప్పుడు బళ్ళో డ్రిల్ మాస్టరు. ఇప్పటికీ ఆయన మాట్లాడితే విజిల్ వేసినట్టే ఉంటుంది. వచ్చే మొదటి ఆదివారం లోపు కారణం తేలాలనీ, తేలకపోతే సంఘం ముందు ప్రకటించి మైక్రాన్‌ని పెద్దరికం నుంచి తీసేయాలనీ ఆయన అన్నాడు. తక్కినవాళ్ళు బల్ల వైపు చూస్తూ తలలూపారు.

"నాకొదిలేయండి. ఈ వారంలో తేల్చేస్తాను" అన్నాడు పాస్టరు.

తేల్చేస్తాను అన్నది అతనికి ఊతపదం.

పాస్టరుకి ముప్ఫై మూడేళ్ళు. సేవలోకి రాకముందు పార్సిళ్ళు పంచే ఆఫీసులో రూట్లు వేసేవాడు. ఏ వీధి తరవాత ఏ వీధి, ఏ గుమ్మంలో ఎన్ని నిమిషాలు, అన్నీ అక్కడ వంటబట్టినవే. విశ్వాసుల ఇళ్ళు చూసి రావడానికీ అదే పద్ధతి పెట్టాడు. మంగళవారం పద్నాలుగు ఇళ్ళు. ఇంటికి పన్నెండు నిమిషాలు. క్షేమ సమాచారాలకి రెండు, వాక్యానికి మూడు, ప్రార్థనకి అయిదు, చెప్పులు వేసుకోవడానికి రెండు. పొయ్యి మీద పాలు పెట్టి తలుపు తీస్తే, అవి పొంగేలోపు పాస్టరుగారు పక్కింట్లో ఉంటారని సంఘంలో ఒకావిడ చెప్పుకుని నవ్వేది. ఎక్స్‌ప్రెస్ అని పేరు పెట్టారు. ఆ పేరు అతని చెవినా పడింది. లోపల్లోపల కాస్త గర్వపడ్డాడు కూడా. మనిషి చిత్తశుద్ధికి వంక పెట్టలేం. ఒక్క ఇల్లు కూడా తప్పిపోకూడదని, పాస్టరు మా గుమ్మం తొక్కలేదని ఎవరూ అనుకోకూడదని అతని తాపత్రయం.

మైక్రాన్ ఇంటికీ వెళ్ళకపోలేదు. రెండు నెలల కిందట వెళ్ళినప్పుడు పదకొండు నిమిషాల్లోనే పని అయిపోయింది. మైక్రాన్ కుర్చీ అంచున కూర్చుని, "అయ్యగారూ, ఒక్క మాట. మిషను దగ్గర ఈమధ్య..." అని మొదలుపెట్టాడు. పాస్టరు ఆయన భుజమ్మీద ఆప్యాయంగా చెయ్యి వేసి, "తప్పకుండా. ప్రార్థనలో పెడదాం" అన్నాడు. పెట్టాడు కూడా. మిషన్లనీ, వాటి మీద కష్టపడేవాళ్ళనీ, వర్క్‌షాపునీ, దాని యజమానులనీ దేవుడికి అప్పగిస్తూ చక్కటి ప్రార్థన చేశాడు. ఆమెన్ అన్నాడు. మైక్రాన్ కూడా ఆమెన్ అని లేచి, వెళ్ళి తలుపు తెరిచి పట్టుకున్నాడు.

ఈసారి సోమవారం నాడే వెళ్ళాడు. చుట్టూ తిప్పకుండా అడిగేశాడు. ఎవరితోనైనా మాటపట్టింపా? ఏదైనా తప్పు మనసుని తొలుస్తోందా? ఆ రెండో ప్రశ్నకి మైక్రాన్ మొహం దుకాణం షట్టరు దించినట్టు మూసుకుపోయింది. "కడుపులో మంటండీ. ఆ టైముకే వస్తుంది" అన్నాడు. ఆమెన్‌తో సహా తొమ్మిది నిమిషాలు.

మెట్లు దిగుతూ పాస్టరు మూడో మెట్టు మీద ఆగిపోయాడు. ఆ మనిషి అబద్ధం చెప్పాడు. పొరపాటున కూడా కొలత తప్పని మనిషి, చిన్నపిల్లాడు కూడా పట్టేసేంత వికారంగా అబద్ధం చెప్పాడు. అంటే లోపల ఉన్నది ఎంత పెద్దదై ఉండాలి?

మొదటిసారిగా పాస్టరుకి భయమేసింది.

సంఘంలో ట్రంకాలమ్మ అని ఒక పెద్దావిడ ఉంది. డెబ్భై ఒక్క ఏళ్ళు. ముప్ఫై ఏళ్ళపాటు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో కూర్చుని ఊళ్ళకీ ఊళ్ళకీ మధ్య ట్రంకాల్స్ కలిపింది కాబట్టి ఆ పేరు. ఇళ్ళు చూసి రావడానికి ఆవిడా వెళ్తుంది. ఆవిడతో జత పడకుండా పాస్టరు చాలా జాగ్రత్తగా ఉండేవాడు. కిందటేడు ఒకసారి పడ్డాడు. మధ్యాహ్నమంతా కలిపి ఒకే ఒక్క ఇల్లు. అక్కడ బట్టలు కుట్టే ఆవిడతో ట్రంకాలమ్మ రెండు గంటలపాటు దారపు ఉండల గురించి మాట్లాడింది. పాస్టరు ఆ సాయంత్రం డైరీలో పదమూడు ఇళ్ళు కొట్టేసుకుని పళ్ళు నూరుకున్నాడు. పదిహేనేళ్ళుగా మాటల్లేని సొంత చెల్లెలికి ఆ బట్టలు కుట్టే ఆవిడ మర్నాడు ఫోను చేసిందని అతనికి చాలా కాలం దాకా తెలియలేదు.

ఇప్పుడు వేరే దారి లేక ట్రంకాలమ్మ ఇంటికే వెళ్ళాడు. ఆవిడ వంటగది కిటికీ దగ్గర కూర్చుని కళ్ళజోడు స్క్రూ బిగించుకుంటోంది. అతను చెప్పిందంతా మధ్యలో అడ్డు రాకుండా విన్నది. చెప్పడం అయిపోయాక కూడా ఇంకేమైనా ఉందేమోనని కాసేపు ఆగింది. నలుగురిలో ఆవిడకి అతను పాస్టరుగారు. ఇంట్లో మాత్రం బాబు.

"నువ్వు ఆమెన్ అన్నాక ఎవరైనా ఇంకా కూర్చుని ఉండటం చూశావా బాబూ?"

పాస్టరు ఆలోచించాడు. ఇన్నేళ్ళలో ఒక్క ఇల్లు కూడా గుర్తురాలేదు.

"మనవాళ్ళకి ఆమెన్ అంటే ఇంక వెళ్ళొస్తామని. ఆ మాట వినబడగానే కాళ్ళు వాటంతటవే లేస్తాయి. లోపల ఏం మిగిలిందో అది లోపలే. నువ్వేమో గుమ్మంలో అడుగుపెడుతూనే ఆమెన్‌కి తయారు."

"ప్రార్థన చెయ్యడం తప్పంటారా అమ్మా?"

"నేనెందుకంటాను? ఆయన నీతో ఏదో చెప్పబోయాడు. నువ్వది తీసుకెళ్ళి దేవుడితో చెప్పేశావు. ఏం చెప్పావు? ఆయనింకా నీకు చెప్పందే."

అతని అవస్థ చూసి ఆవిడే నవ్వింది. ప్రభువు కూడా ఎండలో బావి దగ్గర కూర్చుని ఒకావిడతో మాట్లాడాడు కదా అంది. శిష్యులు ఊళ్ళోకి నడిచి వెళ్ళి, భోజనం కొనుక్కుని, మళ్ళీ నడిచి వచ్చేంత సేపు. నువ్వు ఆ రూటు వేసి ఉంటే, ఆయన్ని అప్పటికే ఇంకో మూడు బావులు తిప్పేవాడివి.

గురువారం మధ్యాహ్నం మూడింటికి ఇద్దరూ కలిసి వెళ్ళేట్టు అనుకున్నారు. మైక్రాన్‌ది ఉదయం షిఫ్టు. రెండింటికి దిగి, స్నానం చేసి, భోంచేసి ఉంటాడు. ట్రంకాలమ్మ రెండు షరతులు పెట్టింది. తను చెప్పేదాకా ప్రార్థన ఎత్తకూడదు. ఆయన్ని ప్రశ్నలు అడగకూడదు.

"మరి నేనేం చెయ్యాలి?"

"కూర్చోవాలి. నీకు రాని పని అదొక్కటే."

మైక్రాన్ ఇల్లు కార్మికుల క్వార్టర్లలో రెండో అంతస్తు. ముందుగదిలో నాలుగు కుర్చీలు, మధ్యలో ఒక బల్ల, కిటికీలోంచి ఎదుటి బ్లాకు మీద ఆరేసిన బట్టలు. పాస్టరుని చూడగానే మైక్రాన్ భుజాలు బిగుసుకున్నాయి. ట్రంకాలమ్మని చూశాక కొంచెం దిగాయి. "రండక్కయ్యా" అన్నాడు. చేతులు మాత్రం జేబుల్లోంచి తియ్యలేదు. కూర్చున్నాక వాటిని తొడల కింద పెట్టుకున్నాడు.

మూడూ అయిదు.

ట్రంకాలమ్మ అడిగిన మొదటి సంగతి ఫ్యాను గురించి. తిరిగినప్పుడల్లా టక్కుమంటోంది, ఎందుకు తమ్ముడూ? మైక్రాన్ తలెత్తి కాసేపు విని, రెక్క వంగలేదు, లోపలి బేరింగు అరిగిందని చెప్పాడు. అదెలా తెలుస్తుందని అడిగింది. అక్కడినుంచి మాట బేరింగుల్లోకి, బేరింగుల్లోంచి ఇనుములోకి దిగింది. ఇనుము అన్నీ ఒకలా ఉండవట. కొన్ని మెత్తగా లొంగుతాయి, కొన్ని మొరాయిస్తాయి. టూలు సరిగ్గా పడితే ఇనుప పొట్టు ఉంగరాలు చుట్టుకుంటూ పొడుగ్గా వస్తుంది. వేడెక్కితే నీలంగా మారుతుంది. చూడక్కర్లేదు, శబ్దంతోనే తెలుస్తుంది. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆయన కుర్చీ అంచునుంచి వెనక్కి జరిగి ఆనుకున్నాడు.

మూడూ యాభై. అప్పటికి మామూలుగా నాలుగు ఇళ్ళు అయిపోవాలి. పాస్టరు ముళ్ళ మీద కూర్చున్నట్టున్నాడు. వాచీ చూడకుండా ఉండటానికి ఎదుటి బ్లాకు మీది బట్టలు లెక్కపెట్టాడు. ఇరవై రెండు. ఇంకోసారి లెక్కపెట్టాడు. ఇరవై మూడు.

మైక్రాన్ భార్య టీ తెచ్చింది. ఇంత తీరిగ్గా ఇంట్లో మనుషులు కూర్చుని ఎన్నాళ్ళయిందో అంటూ తనూ ఒక కుర్చీ లాక్కుంది. ఒక్కసారిగా మాటలు ఆగాయి. అందరూ టీ వైపు చూస్తున్నారు. పాస్టరుకి ఆ నిశ్శబ్దం అలవాటే. సరిగ్గా ఇక్కడే అతను రోజూ 'ప్రార్థన చేసుకుందామా' అంటాడు. నోరు తెరిచాడు. బల్ల కింద ట్రంకాలమ్మ మడమ వచ్చి అతని బొటనవేలి మీద కూర్చుంది. డెబ్భై ఒక్క ఏళ్ళ మనిషికి అంత బరువుంటుందని అతను అనుకోలేదు.

"ఎక్స్ఛేంజిలో మాకు టీ తాగే తీరిక కూడా ఉండేది కాదమ్మా" అని ఆవిడ మైక్రాన్ భార్యతో మొదలుపెట్టింది.

అప్పుడే పాస్టరు ఒకటి గమనించాడు. ముగ్గురూ టీ తాగుతున్నారు. మైక్రాన్ గ్లాసు కదల్లేదు. దాని మీద మీగడ కట్టేస్తోంది. ఉపవాసం, అనుకున్నాడు పాస్టరు. చేసిన తప్పుకి తనను తానే శిక్షించుకుంటున్నాడు. అయితే తప్పు పెద్దదే. పట్టేశాననుకున్నాడు. కనుక్కున్నది పూర్తిగా తప్పని ఇంకో అరగంటకి గానీ తెలియలేదు.

ట్రంకాలమ్మ ఎక్స్ఛేంజి కబుర్లు చెబుతోంది. పెద్ద బోర్డు, దాని నిండా కన్నాలు, ఒక ఊరి కన్నంలో ప్లగ్గు పెడితే ఆ ఊరు పలకడం, మూడు నిమిషాలకోసారి లైన్లోకి దూరి 'పొడిగించమంటారా' అని అడగడం. ఒకమ్మాయి ఇద్దరు వియ్యంకుల ఫోన్లు తారుమారుగా కలిపేస్తే వాళ్ళు పావుగంట సేపు వేరే వాళ్ళ పెళ్ళి మాట్లాడుకున్నారట. మైక్రాన్ పకపకా నవ్వాడు. ఆయన నవ్వగా విని నెలలయిందన్నట్టు భార్య ఆయన వైపు చూసింది.

"ఒకటి మాత్రం మర్చిపోలేను తమ్ముడూ" అంది ట్రంకాలమ్మ, గొంతు మార్చకుండానే. "ఆరోజు లైన్లన్నీ రద్దీ. తొమ్మిది నిమిషాలు దాటితే ఎవరికీ ఇవ్వకూడదని రూలు. ఒకాయన వాళ్ళన్నయ్యతో మాట్లాడుతున్నాడు. వానలు, ఆరోగ్యాలు, పిల్లల చదువులు. తొమ్మిది నిమిషాలైంది. చెబుదామని లైన్లోకి వెళ్ళాను. అప్పుడు ఆయన, 'అన్నయ్యా, అసలు నేను ఫోన్ చేసింది ఎందుకంటే' అన్నాడు. నేను ప్లగ్గు పీకేశాను."

ఆవిడ ఖాళీ గ్లాసు బల్ల మీద పెట్టింది.

"మళ్ళీ బుక్ చేస్తాడని ఆరోజంతా చూశాను. చెయ్యలేదు."

"ఎందుకు చేశాడో మరి?" అంది మైక్రాన్ భార్య.

"అదేనమ్మా. నాకిప్పటికీ తెలీదు."

మళ్ళీ నిశ్శబ్దం. ఇది మొదటిదానిలా లేదు. ఎవరికీ టీ గ్లాసుల వైపు చూడాలనిపించలేదు. ఫ్యాను టక్కుమంటోంది. ట్రంకాలమ్మ ఒడిలో చేతులు పెట్టుకుని, ఎక్కడికీ వెళ్ళే పనిలేనిదానిలా కూర్చుంది. ఒక నిమిషం. రెండు. పాస్టరు జీవితంలో అంత పొడుగాటి రెండు నిమిషాలు గడపలేదు. ప్రశ్న అడగాలని నాలుక దురద పెట్టింది. మడమ ఈసారి అక్కర్లేకపోయింది. ఊపిరి కూడా మెల్లగా తీసుకున్నాడు.

మైక్రాన్ తొడ కిందనుంచి కుడిచెయ్యి తీసి, బల్ల మీద పెట్టాడు.

చెయ్యి వణుకుతోంది. చలికి వణికినట్టు కాదు. మణికట్టు నుంచి వేళ్ళ చివరిదాకా, లోపల ఎవరో మోటారు పెట్టినట్టు అదురుతోంది. వేళ్ళు వెళ్ళి టీ గ్లాసుకి తగిలాయి. గ్లాసు బల్ల మీద గణగణమంది. మీగడ ముడతలు పడింది.

"ఇదీ అక్కయ్యా సంగతి" అన్నాడు.

ఆ తరవాత ఎవరూ అడగకుండానే చెప్పాడు. మొదలై ఏడు నెలలైంది. ముందు కుడిచెయ్యి ఒక్కటే. సంఘంలో గాజు గ్లాసుల పళ్ళెం బెంచీ వెంట చేతికి చేయి అందిస్తారు కదా, మొదటి మూడు నెలలూ ఎడంచేత్తో లాగించాడు. తరవాత దానికీ మొదలైంది. "నిండా నలభై గ్లాసులండీ. ప్రభువు రక్తమని చెప్పుకుని తాగేదాన్ని నేల మీద ఒలకబోస్తానా? లేచి బయటికి పోవడం తప్ప నాకింకేం తోచలేదు."

పాస్టరు బుర్రలో పేర్చుకున్న పగ, తాగుడు, ఉపవాసం అన్నీ కుప్పకూలాయి. అయితే ఆ కుప్ప వెనకనుంచి ఇంకొకటి లేచి నిలబడింది. ఈ చేతులతో ఈ మనిషి రోజూ లేత్ నడుపుతున్నాడు.

"కిందటి గురువారం చొక్కా చెయ్యి చక్‌లోకి లాగేసింది" అన్నాడు మైక్రాన్. కడ్డీని పట్టుకుని గిరగిర తిరిగే ఇనుప దవడనే చక్ అంటారు. "పాత చొక్కా కాబట్టి చిరిగి ఊడొచ్చింది. కొత్తదైతే చెయ్యే పోయేది."

"మేకు తగిలి చిరిగిందన్నారు" అంది భార్య. ఆవిడే దాన్ని కుట్టింది.

షరతు మర్చిపోయి పాస్టరు అడిగేశాడు. "రేపు?"

"రేపు మొదటి షిఫ్టేనండీ. రెండు మీటర్ల ఇనుప షాఫ్టు చెక్కాలి."

అతని లోపలి రూట్ల మనిషి ఒక్క ఉదుటున లేచాడు. ఫోర్‌మన్‌కి ఫోను, డాక్టరు దగ్గర టైము, సెక్రటరీకి కబురు, పది నిమిషాల పని. చెయ్యి జేబు దాకా పోయింది. ట్రంకాలమ్మ ఏమీ అనలేదు. వద్దన్నట్టు తల కూడా ఊపలేదు. మైక్రాన్ వైపే చూస్తోంది. ఆవిడ చూస్తున్న చోటికే తనూ చూశాడు పాస్టరు. ఆ మనిషి చెప్పడం ఇంకా అయిపోలేదు. ఇప్పుడే మొదలైంది. పాస్టరు జేబులోంచి చెయ్యి తీసేసి వెనక్కి ఆనుకున్నాడు.

అలా గంటసేపు చెప్పాడు మైక్రాన్. చెయ్యి పోతుందని కాదట ఆయన భయం. మిషను దగ్గరనుంచి తప్పిస్తారని. పేరు కూడా మిషను ఇచ్చిందే. అది పోతే తనని ఏమని పిలుస్తారు? రాత్రిళ్ళు పక్క మీద చేతిని కిందపెట్టి దానిమీద పడుకుంటున్నాడట, భార్యకి తెలియకుండా.

"నా పక్కన కూర్చుని తినడం మానేశారు" అంది ఆవిడ. "వంటింట్లో గోడవైపు తిరిగి తింటున్నారు. నా మీద కోపమనుకున్నాను. ఏడు నెలలుగా ఏం తప్పు చేశానా అని వెతుక్కుంటున్నాను."

"చెంచా గిన్నెకి కొట్టుకుంటుంటే నువ్వు వింటావని" అన్నాడాయన.

ఆవిడ కుర్చీ ఆయన పక్కకి జరుపుకుంది. అదురుతున్న చేతిని పట్టుకోలేదు. తన చెయ్యి దాని పక్కన బల్ల మీద పెట్టింది, అంతే.

పాస్టరు మైక్రాన్ వైపు తిరిగాడు. "మీరు మొదటిసారే నాకు చెప్పబోయారు."

"అవునండీ."

"నేను వినలేదు."

"ప్రార్థన చాలా బాగా చేశారండీ" అన్నాడు మైక్రాన్ మర్యాదగా.

ఆయన వెటకారం చెయ్యలేదు. చేసి ఉంటే పాస్టరుకి అంత నొప్పి పుట్టేది కాదు.

పళ్ళేనికి భయపడి ఇన్నాళ్ళు పస్తున్నావా తమ్ముడూ అని ట్రంకాలమ్మ ముద్దుగా కోప్పడింది. ఇకనుంచి తను ఆ బెంచీలోనే కూర్చుంటానంది. పళ్ళెం వస్తే తనందుకుని ఒక గ్లాసు ఆయన నోటికి పెడుతుందట, అంతకంటే ఏముంది? చిన్నప్పుడు మా అమ్మ పెట్టినట్టా అని మైక్రాన్ నవ్వాడు. నవ్వుతూనే కళ్ళు నిండాయి. కాసేపయ్యాక తనే అన్నాడు, రేపు ఫోర్‌మన్‌కి చెప్పేస్తానని. గేటు దగ్గర కాళ్ళు ఆగిపోతాయేమో, అయ్యగారు తోడు రాగలరా అని అడిగాడు. తప్పకుండా అన్నాడు పాస్టరు. ఎప్పుడంటే అప్పుడు, ఎంతసేపంటే అంతసేపు. ఆ రెండో మాట అనడం అతనికి కొత్త.

"ఇప్పుడు ప్రార్థన చెయ్యి బాబూ" అంది ట్రంకాలమ్మ, పాస్టరుగారు అనడం మర్చిపోయి.

ప్రార్థన నిమిషం కూడా పట్టలేదు. ఏం అడగాలో తెలుసు కాబట్టి అటూ ఇటూ తిరగలేదు. ఆమెన్ అన్నాక ఎవరూ లేవలేదు. మైక్రాన్ భార్య మాత్రం లేచి, మళ్ళీ టీ పెడతానంటూ లోపలికి వెళ్ళింది. ఎదుటి బ్లాకు మీది బట్టలు ఎవరో తీసేసుకున్నారు. ఆరున్నర అయిందని పాస్టరుకి మెట్లు దిగాకే తెలిసింది.

మెట్ల మీద ఆవిడ అతని మోచెయ్యి పట్టుకుని ఒక్కొక్కటే దిగింది. ముప్ఫై ఏళ్ళు రోజుకి వందలమంది మాటలు కోసిన మనిషి, ఒక్క మనిషి మాట పూర్తయ్యేదాకా ఇలా ఎలా కూర్చోగలుగుతోందని అతను లోపల్లోపల ఆశ్చర్యపోతూనే ఉన్నాడు. ఆవిడ ప్రసంగం చెయ్యలేదు. సలహా చెప్పలేదు. ఆ గదిలో ఆవిడ చేసిందల్లా తొందరపడకుండా ఉండటం. నాలుగు నెలలుగా అంత సంఘమూ పట్టుకోలేనిది మూడున్నర గంటల్లో తనంతట తానే బల్ల మీదికి వచ్చి పడింది.

"చాలా నేర్పించారమ్మా" అన్నాడు.

"కాలికి దెబ్బ తగిలిందా?" అంది ఆవిడ.

శుక్రవారం ఉదయం ఆరుకి పది నిమిషాల ముందే పాస్టరు వర్క్‌షాపు గేటు దగ్గర ఉన్నాడు. మైక్రాన్ చేతులు జేబుల్లో లేవు. పక్కన వేలాడుతూ, అదురుతూ, అందరికీ కనిపిస్తూ ఉన్నాయి. ఇద్దరూ ఫోర్‌మన్ గది దాకా నడిచారు. మైక్రాన్ లోపలికి వెళ్ళాడు. తలుపు మూసుకుంది. పాస్టరు బయట బెంచీ మీద కూర్చున్నాడు.

పావుగంట. అరగంట. అద్దాల అవతల మిషన్లు ఒక్కొక్కటే లేచి మోత మొదలుపెట్టాయి. మూల ఉన్న పెద్ద లేత్ ఒక్కటి ఆగి ఉంది. అదే మైక్రాన్‌దని ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. దాని ముందు నేల నున్నగా అరిగి ఉంది.

ఫోను మోగింది. సెక్రటరీ. తేలిందా అని విజిల్ వేశాడు.

"తేలిందండీ. కానీ అది నేను చెప్పేది కాదు. ఆయన చెప్పాలి, మీరు వినాలి. ఆదివారం మధ్యాహ్నం వెళ్ళి ఆయన దగ్గర కూర్చోండి."

ఎంతసేపు పడుతుందని సెక్రటరీ అడిగాడు. తనకింకో రెండు పనులున్నాయట.

"ఆ రెండూ సోమవారానికి పెట్టుకోండి. ప్రశ్నలేమీ అడక్కండి. ఆయన్ని పెద్దరికంలోంచి తీసెయ్యాలో వద్దో వచ్చాక మీరే నాతో చెబుదురుగాని."

అవతలి వైపు కాగితాలు తిరగేస్తున్న చప్పుడు వినిపించింది. సరేనన్నాడు చివరికి.

తలుపు తెరుచుకునేసరికి నలభై నిమిషాలైంది. మైక్రాన్ వచ్చి బెంచీ మీద కూలబడ్డాడు. ఫోర్‌మన్ ముందు కుర్చీ చూపించి కూర్చోమన్నాడట. తరవాత, నీ పీసులు కొలతకి సరిగ్గానే వస్తున్నాయి గానీ రోజుకి సగమే వస్తున్నాయి, ఎందుకో అడగాలని మూడు నెలలుగా అనుకుంటూనే ఉన్నాను, తీరిక చిక్కలేదు అన్నాడట. సోమవారం డాక్టరు దగ్గరికి పంపుతారు. మిషను మాత్రం ఈ నిమిషం నుంచే వద్దు. డ్రాయింగులు చూసి, ఏ పని ఎవరికి, ఏ టూలుతో అని చెప్పే బల్ల దగ్గర కూర్చోబెడతారు.

"ముప్ఫై ఒక్క ఏళ్ళండీ" అన్నాడు మైక్రాన్. పాస్టరు జరిగి పక్కన కూర్చున్నాడు.

కొంతసేపటికి మైక్రాన్ ముక్కు తుడుచుకుని లేచాడు. పక్క మిషను మీద పనిచేసే నలభై ఏళ్ళాయనకి తన లేత్ అప్పజెప్పాలి. దాని అలకలేమిటో, అది ఎప్పుడు మూలుగుతుందో, ఎప్పుడు బుసకొడుతుందో చెప్పాలి. "అరగంట అన్నాను ఫోర్‌మన్‌తో. మధ్యాహ్నం అవుతుంది. మీకు ఆలస్యమైతే వెళ్ళండి అయ్యగారూ."

"ఉంటాను. కానివ్వండి."

అద్దంలోంచి చూస్తూ కూర్చున్నాడు పాస్టరు. పెద్ద లేత్ మెల్లగా తిరగడం మొదలుపెట్టింది. చక్రం మీద ఉన్నది ఆ నలభై ఏళ్ళాయన చెయ్యి. పక్కన మైక్రాన్ రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, తల ఒక పక్కకి వంచి, ఇనుము చేసే చప్పుడు వింటూ ఆయనకేదో చెబుతున్నాడు. ఆయన మిషను ఆపాడు. మళ్ళీ అడిగాడు. మైక్రాన్ మళ్ళీ మొదటినుంచి చెప్పాడు.